వాయిదా ఎప్పుడో తెలిసింది, ఎక్కడో తెలియలేదు

మా మామయ్య ప్రతివాదిగా ఉన్న పార్టిషన్ (ఆస్తి పంపకాల) దావాలో అవతలి వకీలు ఆయనను క్రాస్ ఎగ్జామినేషన్ చేయవలసిన రోజున, మేమిద్దరం ఉదయం పదింటికే జిల్లా కోర్టుకు చేరుకుని, రెండేళ్లుగా అలవాటైన హాలు ముందు బెంచీ మీద కూర్చున్నాం. తేదీ విషయంలో మాకు ఏ అనుమానమూ లేదు. ముందు రాత్రే కోర్టు కేసుల వివరాలు చూపే ఈ-కోర్ట్స్ యాప్‌లో చూసుకున్నాను. పదకొండు దాటినా పిలుపు రాకపోయేసరికి తలుపు పక్కన అంటించిన కాజ్ లిస్టు (ఆ రోజు విచారించే కేసుల జాబితా) దగ్గరికి వెళ్లి చూస్తే అందులో మా ఓ.ఎస్. నంబరే (దావా నంబరే) లేదు. వేసవి సెలవుల తర్వాత కొన్ని పాత దావాలను పై అంతస్తులోని అదనపు కోర్టుకు బదిలీ చేశారని బెంచి క్లర్కు తల ఎత్తకుండానే చెప్పారు.

యాప్‌ను తప్పుపట్టడానికి లేదు. తేదీ కిందనే కోర్టు నంబరూ, న్యాయమూర్తి హోదా మారి ఉన్నాయి. నేను తేదీ వరకు చదివి ఫోను జేబులో పెట్టుకున్నాను.

అసలు ఆ వివరాల దాకా రావడానికే మొదట్లో నాకు చాలా కాలం పట్టింది. దావా నంబరు మామయ్యకు సగమే గుర్తుండటంతో పేరుతో వెతికాను. వెంకటేశ్వరరావు అనే పేరును ఇంగ్లీషులో రాసేటప్పుడు ఎస్ పక్కన హెచ్ ఉందో లేదో, 'రావు' కలిపి రాశారో విడిగా రాశారో తెలియక, నాలుగు రకాలుగా కొట్టినా రికార్డు దొరకలేదు. పేరు మొత్తం ఇవ్వకుండా మొదటి కొన్ని అక్షరాలు, దావా వేసిన సంవత్సరం ఇస్తే దొరికింది. దానితోపాటు ప్రతి కేసుకూ విడిగా ఇచ్చే, అక్షరాలూ అంకెలూ కలిపి పదహారు ఉండే సీఎన్‌ఆర్ నంబరు కూడా కనిపించింది. ఆ నంబరు ఉంటే జిల్లా పేరు, కోర్టు పేరు, దావా రకం ఏవీ ఎంచుకోనక్కర్లేదు కనుక, మామయ్య ఫైలు అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టాను.

తెలుగులో 'వాయిదా' అనే మాట ఒక విచిత్రం. కోర్టుకు వెళ్లవలసిన రోజునూ వాయిదా అంటాం, వెళ్లాక పని జరగకపోతే వాయిదా పడిందనీ అంటాం. అందుకే ఈసారి వాయిదా దేనికి అన్నది కూడా చూసుకోవాలి. కేసు చరిత్రలో ప్రతి తేదీకి ఎదురుగా కౌంటరుకో (అవతలి పక్షం రాతపూర్వక జవాబుకో), వాదనలకో, సాక్ష్యానికో ఆ ఉద్దేశం రాసి ఉంటుంది. కొన్ని వాయిదాలకు వకీలు ఒక్కరే హాజరైతే సరిపోతుంది. సాక్ష్యానికి మాత్రం మనిషి బోనెక్కాలి. రాకపోతే ప్రతివాది సాక్ష్యం ముగిసినట్టు రాసేయవచ్చు, అప్పుడు దాన్ని తిరిగి తెరిపించమని వేరే పిటిషన్ వేసుకోవాలి. వాది గైర్హాజరైతే దావాయే డిఫాల్టు కింద కొట్టివేతకు గురికావచ్చు. దాన్ని పునరుద్ధరించమని కోరడానికి ఉండే గడువు 30 రోజులు.

మేము మెట్లెక్కి పై అంతస్తుకు చేరేసరికి అటెండరు వరండాలోకి వచ్చి మామయ్య పేరును రెండోసారి పిలుస్తున్నాడు. డెబ్బై దాటిన మనిషి, ఆయాసపడుతూనే "ఉన్నానండీ" అని కేక వేశారు. మా వకీలు అప్పుడు మరో కోర్టులో వాదిస్తున్నారు కాబట్టి, ఆయన గుమాస్తా లోపలికి వెళ్లి పాస్ ఓవర్, అంటే కేసును కాసేపాగి పిలవమని, అడిగి వచ్చాడు. బదిలీ సంగతి మాకు ఎందుకు చెప్పలేదని అతణ్ణి అడిగితే, "తేదీ మారలేదు కదండీ" అన్నాడు. నా దగ్గరా అంతకు మించిన సమాధానం లేదు కనుక మాట పెంచలేదు.

మధ్యాహ్నం రెండున్నరకు మళ్లీ పిలిచారు. అవతలి వకీలు గడువు కోరడంతో ఆ రోజు క్రాస్ జరగలేదు. క్లర్కు కొత్త తేదీ చెప్పగానే మామయ్య జేబులోంచి చిన్న డైరీ తీసి రాసుకున్నారు. రాసుకుని, డైరీ మూయకుండానే, "ఈ హాల్లోనేనా అండీ?" అని అడిగారు.