ఓకే పక్కన ఉన్న బటన్

గురువారం, తార్నాక

పొద్దున్నే పీహెచ్‌డీ అమ్మాయి ల్యాప్‌టాప్ పట్టుకొని నా టేబుల్ దగ్గరికి వచ్చింది. బస్తీ ఆడవాళ్ళలో రక్తహీనత మీద పని. మలి విడత ఫారాలు వచ్చి చేరాయి. "టేబుల్స్ అన్నీ మళ్ళ జేయమన్నరు మేడమ్, మొదటి నుంచి" అంది. లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్ ఎస్‌పీఎస్‌ఎస్‌లో ఇన్నాళ్ళూ మెనూ తెరవడం, ఓకే నొక్కడం. ఏ టేబుల్‌కి ఏం ఎంచుకుందో గుర్తు లేదు.

ఓకే పక్కనే ఉండే పేస్ట్ బటన్ చూపించాను. అది నొక్కితే లెక్క జరగదు, మనం ఎంచుకున్నదంతా కమాండ్లుగా సింటాక్స్ విండోలో వచ్చి పడుతుంది. "మరి పాతవి?" అంది. పాత అవుట్‌పుట్ తెరిపించాను. అదృష్టం, ప్రతి టేబుల్ పైనా లాగ్‌లో కమాండ్ ఉంది. అవన్నీ కాపీ చేసి ఒక ఫైల్లో పేర్చాం.

విలువలను కొత్త అంకెలుగా మార్చే రీకోడ్ కమాండ్ ఒక్కదాని దగ్గరే చాలాసేపు పట్టింది. గర్భిణులు కాని స్త్రీలకు హిమోగ్లోబిన్ డెసీలీటరుకు 12 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనత. ఆమె 11.9 వరకు ఒకటి (రక్తహీనత ఉంది) అని పెట్టి, మెనూలో మిగతా విలువలన్నీ సున్నా (లేదు) అని ఎంచుకుంది. కమాండ్‌లో అది 'ఎల్స్' అయింది. పరీక్షే చేయించుకోనివాళ్ళ ఖాళీ గడులు కూడా ఎల్స్‌లోకే వస్తాయి. అంటే రక్తం ఇవ్వని మనిషిని ఆరోగ్యంగా ఉన్నట్టు లెక్కేస్తున్నాం! ముందు మిస్సింగ్‌ని, అంటే ఖాళీలని, సిస్‌మిస్ (విలువ లేదు) చేసి, తర్వాత 12 నుంచి హై (అన్నిటికన్నా పెద్ద విలువ) దాకా సున్నా, చివర్లో లో (అన్నిటికన్నా చిన్న విలువ) నుంచి 12 దాకా ఒకటి అని రాయించాను. "రెండిట్ల 12 ఉంది గద మేడమ్?" అని అడిగింది. ఎంత మంచి ప్రశ్న! రీకోడ్ ఎడమ నుంచి చూసుకుంటూ వస్తుంది, మొదట ఎక్కడ కుదిరితే అక్కడే ఆగుతుంది. సరిగ్గా 12 ఉన్నావిడ సున్నాలోకే పోతుంది. ఇంతకుముందు సున్నాలోకి జారిపోయే 11.95 కూడా ఇప్పుడు ఒకటిలోకే వస్తుంది.

కమాండ్లు రానివాళ్ళే మెనూలు వాడతారన్న చిన్నచూపు నాకు అస్సలు నచ్చదు. 1968లో ఎస్‌పీఎస్‌ఎస్ మొదలైనప్పుడు కమాండ్లను పంచ్ కార్డుల మీద కొట్టి ఇవ్వాల్సి వచ్చేది. ఇప్పుడు మెనూయే రాసిపెడుతోంది, చూసి నేర్చుకోవచ్చు. నేనూ అలాగే నేర్చుకున్నాను. కాకపోతే ఆ రాత దాచుకోవాలి. ఆ ఆడవాళ్ళు కూలి పోగొట్టుకొని వచ్చి చెయ్యి చాపారు. వాళ్ళ రక్తం నుంచి వచ్చిన ప్రతి అంకెకీ లెక్క అడిగితే చూపించగలగాలి.

ముందు పాత డేటా మీదే మొత్తం సెలెక్ట్ చేసి ఆకుపచ్చ త్రిభుజం నొక్కింది. ఖాళీలు పక్కకు పోయేసరికి రక్తహీనత శాతం పెరిగింది. ఎందుకు మారిందో నక్షత్రం గుర్తు పెట్టి (అలా పెడితే అది కమాండ్ కాదు, వ్యాఖ్య అవుతుంది) ఆ కమాండ్ పైనే రాయించాను. తర్వాత కొత్త ఫారాలు కలిపి మళ్ళీ నడిపింది.

రేపు గర్భిణుల ఫైలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం రెండో త్రైమాసికానికి హద్దు 10.5, మిగతా రెండిటికీ 11. నెలల వేరియబుల్‌తో కలిపి ఇఫ్ కమాండ్లు రాయాలి. ఈసారి తనే రాసుకొస్తానంది.