కాకర సార్ మారాడా?

కమిటీ వాళ్లు "ఏదో ఒక జ్ఞాపకం, రెండు పేజీలకు మించకుండా" అన్నారు. మెస్సు సాంబారు, ల్యాబు పిల్లి, రెండో ఏడు స్ట్రైకు ఎలాగూ మీరెవరో ఒకరు రాస్తారు. నేను మాత్రం కాకర సార్ దగ్గరే ఆగిపోతాను. అదే, మనం వేసిన రాటిగన్ ఇంగ్లీషు నాటకం 'ది బ్రౌనింగ్ వెర్షన్'లో, బడి వదిలి వెళ్లిపోతున్న గ్రీకు మాస్టారు క్రాకర్-హారిస్. మనం గంటస్తంభం అని పిలిచే మనవాడు కట్టిన ఆ వేషం మీద గ్రూపులో తగువు ఇంకా తెగలేదు కదా: క్రాకర్-హారిస్ ఆఖర్న మారాడా, లేదా?

మారాడనే బ్యాచీ ఎప్పుడూ పుస్తకం ఘట్టమే చూపిస్తుంది. టాప్లో అనే శిష్యుడు, 'అగమెమ్నాన్' అనే గ్రీకు నాటకానికి కవి బ్రౌనింగ్ చేసిన అనువాదం సెకండ్ హ్యాండులో కొని చేతిలో పెడతాడు, ఆయన ఏడుస్తాడు. కానీ ఏడ్చే ముందు ఏం చేస్తాడో చూడండి. కుర్రాణ్ణి బాత్రూముకు పంపి, మందు ఒక మోతాదు గ్లాసులో పోసి తెమ్మంటాడు. అదీ వ్యాకరణం ఎక్కడా తప్పని పొడుగాటి వాక్యంలో. ఏడుపొచ్చినా ఆయన ఇచ్చేది ఆజ్ఞే. కాసేపటికి ఆయన భార్య మిల్లీ వచ్చి, వాడు నిన్ను వెక్కిరించడం నేను కళ్లారా చూశాను, ఈ పుస్తకం లంచం అని తేల్చేస్తుంది. మనిషి మళ్లీ బిగుసుకుపోతాడు. మార్పు అక్కడే జరిగిపోతే రాటిగన్ తెర అక్కడే దించేసేవాడు.

రిహార్సల్లో గంటస్తంభం చేసిన తప్పూ ఇదే. పుస్తకం అందుకోగానే గొంతు మెత్తబరిచేశాడు. అలా చేస్తే మిగతా నాటకానికి చేతిలో ఏమీ మిగలదు. గొంతు కదలకూడదు, చెయ్యి కదలాలి. అందుకే గ్లాసు పావు వంతే నింపాలి, లేదంటే వణుకులో ఒలికిపోయి హాలు నవ్వుతుంది. మందుకు పలచటి టీ డికాక్షన్ సరిపోతుంది. తెరవెనక టాప్లో మనసులో పదిహేను లెక్కపెట్టాకే తిరిగి రావాలి. మనవాడు నాలుగుకే వచ్చేశాడు, ఏడుపు మింగడానికి ఆయనకు టైమే లేకపోయింది!

తడక సంగతి కూడా. టాప్లో సార్‌ను వెక్కిరిస్తూ మిమిక్రీ చేసేటప్పుడు దాని వెనక మిల్లీ ఉందని ప్రేక్షకులకు ముందే తెలియాలి. స్టేజికి అడ్డంగా పెడితే ఎడమవైపు కుర్చీలకు ఆవిడ కనబడదు. ఏటవాలుగా పెట్టాలి.

పుస్తకంలో టాప్లో రాసిన గ్రీకు వాక్యానికి, మనతో నాటకం వేయించిన మాష్టారు చేసిన తెలుగు నాకింకా నోటికొచ్చు: "సౌమ్యుడైన అయ్యవారిని దేవుడు దూరం నుంచే చల్లగా చూస్తాడు." మూలంలో ఆ మాట ఏలికను గురించి. ఇంగ్లీషు మాస్టర్‌లో ఏలికా పంతులూ ఇద్దరూ ఉన్నారు. మన అయ్యవారులోనూ ఇద్దరూ ఇమిడారు. అంతకు మించిన అనువాదం నాకు తట్టలేదు. నాటక పరిషత్తుల పోటీల్లో జడ్జీగా కూర్చుని కూడా ఇన్నేళ్లయింది మరి.

ఆయన మారింది ఎక్కడంటే, నా ఓటు ఫోను ఘట్టానికి. బడి బహుమతుల సభలో సీనియర్‌గా ఆఖర్న మాట్లాడే హక్కు ఆయనది. క్రికెట్ ఆడే కుర్ర మాస్టరుకు చప్పట్లు ఎక్కువని, హెడ్మాస్టరు ఆయన్ను ముందే మాట్లాడేయమంటాడు. ఆయన ఊ అంటాడు కూడా. చివర్లో ఫోను మోగుతుంది, అవతల హెడ్మాస్టరు. ఆఖరి ప్రసంగం నాదే, అది నా హక్కు అంటాడు. రూళ్లకర్ర అదే. ఇన్నేళ్లూ పిల్లల మీదే ఆడినది మొదటిసారి తన పక్షాన లేచింది. నటుడు ఇక్కడ తొందరపడతాడు. అవతలి మాటలు కాయితం మీద పూర్తిగా రాసుకుని, మనసులో చదువుకుంటూ ఆగితేనే ఫోనులో మనిషి ఉన్నట్టుంటుంది.

ఈ నాటకం మీద వచ్చిన 1951 సినిమా ఇంకాస్త ముందుకెళ్లి ఆ ప్రసంగాన్నే చూపించింది. సార్ వేషంలో మైకేల్ రెడ్‌గ్రేవ్ పిల్లలకు క్షమాపణ చెప్తాడు, హాలు చప్పట్లతో మోగిపోతుంది. బాగుంటుంది, కాదనను. కానీ మన తగువును ఆ చప్పట్లే తేల్చేశాయి. నాటకం ప్రసంగం దాకా పోనే పోదు.

ఫోను పెట్టేశాక భార్యతో అనే మాట ఒక్కటే ఉంది: భోజనం చల్లారిపోతుంది, రమ్మని. గంటస్తంభం ఆ రోజు దాన్ని టాప్లోకు పాఠం చెప్పిన గొంతుతోనే అన్నాడు. లైట్ల కుర్రాడికి మాష్టారు చెప్పింది ఒకటే: రెండు కుర్చీలూ లాగిన చప్పుడు వినబడేదాకా స్విచ్చి మీద చెయ్యి వెయ్యకు.