కొటేషన్ కాగితంలో పదకొండు వరుసలు

విజయవాడ, 28 డిసెంబరు 2025, ఆదివారం

ఈ రోజంతా ఒకే ఒక్క కాగితంతో గడిచింది. శుక్రవారం సాయంత్రం కొత్త కారుకు షోరూమ్ వాళ్లు ఇచ్చిన కొటేషన్‌ను భోజనాల బల్ల మీద పరిచి, పక్కన ఫోను, పిల్లల పాత లెక్కల పుస్తకం పెట్టుకుని, ఒక్కొక్క వరుసనూ ఆన్‌లైన్‌లో దొరికిన ధరలతో సరిచూస్తూ మధ్యాహ్నం రెండు గంటల దాకా కూర్చున్నాను. అందులో ఉన్నవి పదకొండు వరుసలు. చివరి వరుసలోని మొత్తం చూసి బేరమాడడం నాకు ఇష్టం లేకపోయింది. పైన ఉన్న పది వరుసలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలియాలనిపించింది.

మా పాత కారు 2011 మార్చిలో కొన్నది, ఏపీ 16 నంబరు. వచ్చే మార్చికి పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ గడువు తీరుతుంది. రెన్యువల్ చేయించుకుని ఇంకొన్నాళ్లు నడుపుదామనే అనుకున్నాం. కానీ బెంజ్ సర్కిల్ దగ్గర సాయంత్రం పూట అడుగడుగునా క్లచ్ తొక్కడం మా వారి మోకాలికి చేతకావడం లేదు. అందుకే నాలుగు మీటర్ల లోపు పొడవు, 1197 సీసీ పెట్రోల్ ఇంజను, గేర్లు మార్చే పని లేని ఆటోమేటిక్ అని తేల్చుకున్నాం. ఎంపిక రెండు రోజుల్లో అయిపోయింది. ధర తేలడానికే మూడు వారాలు పట్టింది.

ఆన్‌లైన్‌లో మొదట నన్ను తికమక పెట్టిన విషయం ఒకటుంది. మూడు సైట్లలో ఊరు విజయవాడ అని ఎంచుకుని చూస్తే ఎక్స్‌షోరూమ్ ధర (లైఫ్ టాక్స్, రిజిస్ట్రేషన్, బీమా కలపనిది) మూడింటిలోనూ 8,24,000 రూపాయలే ఉంది, కంపెనీ సొంత సైటులోనూ అంతే ఉంది. అవన్నీ కలిపిన ఆన్‌రోడ్ ధర మాత్రం ఒకదానికొకటి ముప్ఫై వేల దాకా తేడాగా ఉంది. విడదీసి చూస్తే ఆ తేడా దాదాపు అంతా బీమాలోనూ, 'ఇతర ఖర్చులు' అనే గడిలోనూ కనిపించింది. అంటే ఆన్‌రోడ్ ధర అనేది ఎవరికి తోచినట్టు వాళ్లు కూడిన మొత్తమే తప్ప, ఒక ధర కాదు. ఇది అర్థమైన తరువాత సైట్ల ఆన్‌రోడ్ ధర చూపించి షోరూమ్‌లో వాదించడం మానుకుని, ఒక్కో వరుసకు విడిగా రుజువు వెతుక్కున్నాను.

లైఫ్ టాక్స్, రిజిస్ట్రేషన్ రుసుము ప్రభుత్వానివి, అక్కడ బేరం లేదు. మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా కూడా అంతే. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్లకు ఒకేసారి కట్టడం తప్పనిసరి చేశారు. మా ఇంజను తరగతికి అది 10,640 రూపాయలు, దాని మీద జీఎస్టీ, ఏ బీమా కంపెనీ దగ్గరైనా ఇదే. తేడా వచ్చేది మన బండికి జరిగే నష్టానికి కట్టే భాగంలో. షోరూమ్ కాగితంలో బీమా మొత్తం 43,600 అని ఉంది. అదే బీమా కంపెనీ సైటులో, అదే ఐడీవీ (బీమా కోసం బండికి కట్టే విలువ), అదే జీరో డిప్రిసియేషన్ (మార్చిన భాగాలకు అరుగుదల కోయకుండా డబ్బిచ్చే సదుపాయం) పెట్టి చూస్తే 31,200 వచ్చింది. ఐడీవీ ఒక్కటే అవునో కాదో రెండుసార్లు చూసుకున్నాను, ఎందుకంటే దాన్ని తగ్గించి ప్రీమియం తక్కువగా చూపించడం తేలిక, రేపు బండి పోతే చేతికొచ్చేదీ అంతే తగ్గుతుంది. బీమా ఎక్కడ తీసుకోవాలో నిర్ణయించుకునే హక్కు కొనేవారిది. షోరూమ్‌లోనే తీసుకోవాలన్న నిబంధన ఎక్కడా లేదు.

నన్ను నిజంగా బాధపెట్టింది కొటేషన్ వెనక పిన్ను చేసిన ఆఫర్ల కాగితం. 'మీకు మొత్తం ప్రయోజనం 1,31,000' అని పెద్ద అక్షరాల్లో ఉంది. విడదీస్తే అందులో 76,000 జీఎస్టీ తగ్గింపు! సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోల్ కార్ల మీద 28 శాతం జీఎస్టీ, ఒక శాతం సెస్సు పోయి 18 శాతం జీఎస్టీ వచ్చింది కనుక అందరికీ తగ్గిన ధర అది; ఇప్పుడు రాసిన 8,24,000లో ఆ తగ్గింపు ముందే కలిసి ఉంది. దాన్ని మళ్లీ తీసుకొచ్చి షోరూమ్ ఇస్తున్న కానుకల వరుసలో నిలబెట్టడం న్యాయం కాదు. అది తీసేస్తే మిగిలింది 55,000: నగదు తగ్గింపు 20,000, ప్రభుత్వోద్యోగిని కాబట్టి 10,000, పాత కారు ఇస్తే ఎక్స్ఛేంజ్ బోనస్ 25,000. ఆ బోనస్ కథ ఇంకొకటి. మా పాత కారుకు వాళ్లు కట్టిన విలువ 60,000. ఆటోనగర్‌లో మా మెకానిక్ తెచ్చిన మనిషి, బండి నడిపి చూసి, ఏ బోనసూ లేకుండానే 85,000 ఇస్తానన్నాడు. కుడిచేత్తో ఇచ్చి ఎడమచేత్తో తీసుకున్నట్టు, బోనస్ అంతా విలువ తగ్గించడంలోనే హరించుకుపోయింది.

గుంటూరు నుంచి కూడా ఒక కొటేషన్ వాట్సాప్‌లో తెప్పించుకున్నాను. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 అనే ఒకే కోడుతో నంబర్లు ఇవ్వడం మొదలుపెట్టారు కనుక, గుంటూరులో కొంటే ఏపీ 07 వస్తుందేమోనన్న పాత పట్టింపు ఇప్పుడు అక్కర్లేదు. లైఫ్ టాక్స్ కూడా రెండుచోట్లా ఒకటే. హైదరాబాదులో ఉన్న మా మేనల్లుడు అక్కడ ఇంకా తగ్గుతుందన్నాడు గాని, వేరే రాష్ట్రంలో కొని ఇక్కడ రిజిస్టర్ చేయించుకునే పని నాకు వద్దనిపించింది. గుంటూరు కాగితంలో నగదు తగ్గింపు 30,000 ఉంది, హ్యాండ్లింగ్ చార్జీల వరుసే లేదు. నాకు కావలసిన ఆధారం దొరికింది.

మూడింటికి షోరూమ్‌కు వెళ్లాం. నెలాఖరు, పైగా సంవత్సరాంతం కావడంతో ఆదివారమైనా సందడిగా ఉంది. మాతో మాట్లాడే అబ్బాయి గుడివాడ దగ్గరి కుర్రవాడు, మా స్కూల్లో పదో తరగతి పిల్లల అన్నలా ఉంటాడు. "మేడమ్, ఇంకెంత తగ్గించమంటారో చెప్పండి" అన్నాడు కూర్చోగానే. "తగ్గించమని తరువాత అడుగుతాను బాబూ, ముందు ఈ 7,500 హ్యాండ్లింగ్ దేనికో చెప్పు" అన్నాను. కాసేపు కాగితం చూసి, "అందరికీ వేస్తాం మేడమ్" అన్నాడు. ఆ జవాబు అతను తయారు చేసింది కాదు, అతనికి అప్పగించింది. అందుకే గొంతు పెంచలేదు, మేనేజరు గారిని పిలవమన్నాను. ఆయన వచ్చి గుంటూరు కాగితం చూసిన రెండు నిమిషాల్లోనే ఆ వరుస కొట్టేశారు.

తరువాత యాక్సెసరీస్ ప్యాకు, 18,900. సీటు కవర్లు, మ్యాట్లు, మడ్‌ఫ్లాప్స్, స్టీరింగు కవరు, ఇంకేవో మెరుపు పట్టీలు. ఇది తప్పనిసరా అని అడిగితే కాదన్నారు, అయితే తీసేయమన్నాను. మ్యాట్లు, మడ్‌ఫ్లాప్స్ ఉచితంగా ఇస్తామన్నారు. బీమా దగ్గర నేను ఫోనులో 31,200 చూపిస్తే, క్లెయిమ్ వచ్చినప్పుడు తమ దగ్గరే పాలసీ ఉంటే పని సులువని మేనేజరు గారు చెప్పారు. అందులో కొంత నిజముందని నాకూ తెలుసు, కాబట్టి 33,000కు ఒప్పుకున్నాను. ఆ 1,800 తెలిసి ఇస్తున్న డబ్బు. ఎక్స్‌టెండెడ్ వారంటీని మాత్రం ఉంచమన్నాను; ఆటోమేటిక్ గేర్‌బాక్సు మరమ్మతు మనం భరించగలిగేది కాదు. నగదు తగ్గింపు 32,000 అయింది. పాత కారు విలువ 68,000కు పెంచారు, బోనస్‌తో 93,000, బయటి ధర కన్నా ఎనిమిది వేలు ఎక్కువ.

అన్నిటికన్నా కష్టమైన మాట ఇంట్లో తేలాల్సి వచ్చింది. ఈ తగ్గింపులన్నీ 31లోపు బిల్లు అయితేనే. జనవరిలో ధర పెరుగుతుందని కూడా చెప్పారు. అత్తయ్య గారేమో ధనుర్మాసంలో కొత్త బండి గుమ్మంలోకి తేకూడదంటారు. పోనీ ఆగుదామంటే, ఈ బండి 2025లో తయారైనది. డిసెంబరు దాటి కొంటే రిజిస్ట్రేషన్ కొత్త సంవత్సరంలో, తయారీ పాత సంవత్సరంలో ఉంటాయి, అమ్మేటప్పుడు చూసేది తయారీనే. మేము పదిహేనేళ్లు వాడేవాళ్లం కనుక మాకు అదంత పెద్ద నష్టం కాదని మా వారు అన్నారు. అయినా ఏడాది పాతబడిన బండికి జనవరిలో పెరిగిన ధర కట్టడం నాకు మనస్కరించలేదు. సాయంత్రం ఇంటికి వచ్చి, అత్తయ్య గారి పక్కన కూర్చుని, లెక్కల పుస్తకంలో రాసినదంతా ఒక్కొక్క వరుసా చదివి వినిపించాను. ఆవిడ మధ్యలో ఒక్కమాట కూడా అనలేదు. అంతా అయ్యాక పంచాంగం తెమ్మని, కాసేపు తిరగేసి, "బిల్లు చేయించుకోండమ్మా. బండి తెచ్చి కప్పేసి ఉంచండి. జనవరి 25 రథసప్తమి, ఆదివారం కూడాను. ఆ రోజు కొండ కింద పూజ చేయించి, అప్పుడు తిప్పుదురు గాని" అన్నారు. కొండ అంటే మాకు ఇంద్రకీలాద్రే. ఆ మాటతో నా గుండె తేలికపడింది.

మేనేజరు గారికి ఫోను చేసి, కొట్టేసిన వరుసలు పోను కొత్త కొటేషన్ సంతకంతో పంపమన్నాను, ఎనిమిదిన్నరకు వచ్చింది. ఇందులో వరుసలు తొమ్మిదే. బుకింగ్ 11,000 కంపెనీ ఖాతాకే పంపి రసీదు తీసుకున్నాను. రేపు ఉదయం స్కూలుకు వెళ్లే ముందు మా వారితో కలిసి స్టాక్‌యార్డుకు వెళ్లి, బండి మీది ఛాసిస్ నంబరు ఫారం 22 (తయారీ కంపెనీ ఇచ్చే ధ్రువపత్రం)లో ఉన్నదేనా, అందులో రాసిన తయారీ నెల వాళ్లు చెప్పిన అక్టోబరేనా అని చూసుకోవాలి. టైర్ల మీద తయారీ వారం కూడా ఉంటుందని మెకానిక్ చెప్పాడు. చిన్న టార్చిలైటు సంచిలో పెట్టాను.