నర్సింగ్ హోమ్ బిల్లు ఎవరు కడతారు?

అమెరికా నర్సింగ్ హోముల్లో (అక్కడ ఇవి మన చిన్న ఆసుపత్రుల్లాంటివి కావు, రోజువారీ పనులకు సాయం కావాల్సినవాళ్లు ఉండే సంరక్షణ కేంద్రాలు) పనిచేసే మన ఫిజియోథెరపిస్టులకు, నర్సులకు, బిల్లింగ్ వాళ్లకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "మెడికేర్ ఉంది కదా, మళ్లీ మేం కట్టడమేంటి?" అడిగేది వియత్నాం యుద్ధకాలపు సైనికుడి కొడుకు కావచ్చు, గ్రీన్ కార్డు మీద నెల్లూరు నుంచి వచ్చిన మామ్మగారి కోడలు కావచ్చు. జవాబు ఇద్దరికీ ఒకటే. మెడికేర్ అంటే ముఖ్యంగా 65 దాటినవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా. అది కట్టేది వైద్యానికి, కోలుకునేదాకా థెరపీకి. ఏళ్ల తరబడి స్నానం చేయించడానికి, బట్టలు మార్చడానికి, బాత్రూముకి తీసుకెళ్లడానికి అది పైసా ఇవ్వదు.

మెడికేర్ వంద రోజులు చూసుకుంటుందన్న మాట సగమే నిజం. మొదటి 20 రోజులకు పూర్తిగా కడుతుంది. 21వ రోజు నుంచి పేషెంటు వాటా మొదలవుతుంది, 2025లో అది రోజుకు 209.50 డాలర్లు. 101వ రోజు నుంచి మొత్తం బిల్లు ఇంటివాళ్లదే. అసలు ఈ రోజులు మొదలవ్వాలంటే అంతకుముందు ఆసుపత్రిలో వరుసగా మూడు రోజులు ఇన్‌పేషెంటుగా ఉండాలి, డిశ్చార్జి రోజు లెక్కకు రాదు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మంచం ఇస్తారు, సెలైన్ పెడతారు, నాలుగు రాత్రులు గడిచిపోతాయి, రికార్డులో మాత్రం ‘అబ్జర్వేషన్’ అని ఉంటుంది. అది అవుట్‌పేషెంటు కిందే లెక్క. చేరిన రోజే కేస్ మేనేజర్‌ని "ఇన్‌పేషెంటా, అబ్జర్వేషనా?" అని అడగండి. అబ్జర్వేషన్ అంటే వెంటనే డాక్టరుతో మాట్లాడాలి. డిశ్చార్జి అయ్యాక మార్పించడం చాలా కష్టం.

మెడికేర్‌ని ప్రైవేటు బీమా కంపెనీల ద్వారా ఇచ్చే మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్లలో చాలావాటికి ఈ మూడు రోజుల నియమం లేదు. వాటితో బాధ వేరు, థెరపీని ముందే ఆపేస్తాయి. ఫలానా తేదీతో ఆపుతున్నామని కనీసం రెండు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ తేదీకి ముందురోజు మధ్యాహ్నం పన్నెండులోపు నోటీసులో ఉన్న నంబరుకు ఫోన్ చేస్తే, ప్లాన్‌తో సంబంధం లేని సంస్థ ఫైలు పరిశీలిస్తుంది. నోటీసు మీద సంతకం పెడితే ఒప్పుకున్నట్టు కాదు, కాగితం అందిందని చెప్పినట్టే. ఇది తెలియక సంతకం పెట్టేసి, అంతా అయిపోయిందనుకుని ఊరుకునేవాళ్లు ఎందరో.

ఆ తర్వాత దిక్కు మెడికెయిడ్, అంటే ఆదాయం, ఆస్తి తక్కువున్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే వైద్య సాయం. రూల్సు రాష్ట్రానికో రకం. చాలా రాష్ట్రాల్లో ఒంటరి మనిషికి లెక్కలోకి వచ్చే ఆస్తి 2,000 డాలర్లు దాటకూడదు. టెక్సస్‌లో ఆదాయానికీ పరిమితి ఉంది: 2025లో నెలకు 2,901 డాలర్లు దాటితే ముందు ‘క్వాలిఫైడ్ ఇన్‌కమ్ ట్రస్టు’ (ఆదాయం జమచేసే ప్రత్యేక ట్రస్టు ఖాతా) పెట్టుకోవాలి. దరఖాస్తుకు ముందు ఐదేళ్లలో ఎవరికైనా ఊరికే ఇచ్చిన ఆస్తిని కూడా చూస్తారు. మనవాళ్లకు అసలు చిక్కు ఇదే. తెనాలిలో స్థలం మూడేళ్ల కింద కూతురి పేర గిఫ్ట్ డీడ్ రాశారనుకోండి. దాని విలువ 80,000 డాలర్లు, ఆ రాష్ట్రం లెక్క ప్రకారం నర్సింగ్ హోమ్ నెల ఖర్చు 8,000 అయితే, పది నెలలు మెడికెయిడ్ కట్టదు. అమ్మకుండా ఉంచుకున్న పొలం, ఇండియా బ్యాంకుల్లో ఎఫ్‌డీలు కూడా చూపించాల్సిందే. పైగా గ్రీన్ కార్డు వచ్చిన తొలి ఐదేళ్లు మామూలుగా మెడికెయిడ్ దొరకదు. ఇక్కడ ఉద్యోగం చేయని తల్లిదండ్రులు డబ్బు కట్టి మెడికేర్ తీసుకోవాలన్నా ఐదేళ్లు ఇక్కడ ఉండాలి. అప్పుడు కూడా 2025 రేట్ల ప్రకారం పార్ట్ ఎ (ఆసుపత్రి ఖర్చులకు) నెలకు 518, పార్ట్ బి (డాక్టరు ఖర్చులకు) 185 డాలర్లు.

అమెరికా మాజీ సైనికులకు (వెటరన్లకు), చనిపోయిన సైనికుల భార్యలకు ఇంకో దారి ఉంది: వీఏ, అంటే మాజీ సైనికుల సంక్షేమ శాఖ, రోజూ ఇంకొకరి సాయం కావాల్సినవాళ్లకు ఇచ్చే ‘ఎయిడ్ అండ్ అటెండెన్స్’ పెన్షన్. అర్హత ఉండి కూడా అడగనివాళ్లను చూస్తే బాధేస్తుంది. యుద్ధంలో గాయపడి ఉండనక్కర్లేదు. 1980కి ముందు చేరినవాళ్లకు 90 రోజుల సర్వీసు, అందులో ఒక్క రోజు యుద్ధకాలంలో పడితే చాలు. ఇండియన్ ఆర్మీ సర్వీసు మాత్రం దీనికి పనికిరాదు. ఒంటరి వెటరన్‌కి 2025లో గరిష్ఠంగా ఏడాదికి 28,300 డాలర్లు, భర్త పోయిన భార్యకు 18,187. ఆదాయం ఎక్కువ, రాదులే అని చాలామంది ముందే వదిలేస్తారు. కానీ ఆదాయంలోంచి వైద్యపు ఖర్చు తీసేస్తారు. సోషల్ సెక్యూరిటీ ఏడాదికి 24,000 వస్తూ, అసిస్టెడ్ లివింగ్‌కి (రోజువారీ పనుల్లో సాయం చేసే వసతి గృహానికి) 48,000 పోతుంటే, వీఏ లెక్కలో ఆదాయం సున్నా. 2025 రేటు ప్రకారం నెలకు సుమారు 2,358 డాలర్లు చేతికొస్తాయి. ఇల్లు, కారు కాకుండా ఆస్తి, ఏడాది ఆదాయం కలిపి 2025లో 159,240 దాటకూడదు. ఊరికే ఇచ్చేసిన ఆస్తి కోసం వీఏ వెనక్కి చూసేది మూడేళ్లు.

దరఖాస్తు ఆగిపోయేది ఎక్కువగా డాక్టరు నింపే 21-2680 ఫారం దగ్గర. డాక్టరు "డయాబెటిస్, కీళ్లనొప్పులు" అని రెండు ముక్కలు రాసి పంపేస్తారు. వీఏకి కావాల్సింది జబ్బు పేరు కాదు. మనిషి సాయం లేకుండా స్నానం చేయలేరు, బట్టలు వేసుకోలేరు, ఎందుకు చేయలేరు అన్నది స్పష్టంగా ఉండాలి. ఫారం ఇచ్చేటప్పుడు రోజువారీ ఇబ్బందులు ఒక కాగితం మీద రాసి జతచేయండి. ఇంటికి మనిషిని పెట్టుకుంటే జీతం చెక్కుగా ఇవ్వండి, నగదు ఇస్తే రుజువుండదు. కాగితాలన్నీ చేరేదాకా ఆగకుండా ముందు ‘ఇంటెంట్ టు ఫైల్’ (దరఖాస్తు పెట్టబోతున్నామని వీఏకి తెలిపే కాగితం) వేయాలి. ఏడాదిలోపు పూర్తి దరఖాస్తు పెడితే డబ్బు ఆ తేదీ నుంచి లెక్కిస్తారు. డిశ్చార్జి కాగితం డీడీ-214 పోతే నేషనల్ ఆర్కైవ్స్‌కి రాయాలి. 1973లో సెయింట్ లూయిస్ కేంద్రంలో జరిగిన అగ్నిప్రమాదంలో పాత ఆర్మీ రికార్డులు చాలా కాలిపోయాయి, కాబట్టి కొరియా యుద్ధం నాటివాళ్లు ఇంకా ముందే మొదలుపెట్టాలి. కౌంటీ వెటరన్స్ సర్వీస్ ఆఫీసర్ ఈ పనంతా ఉచితంగా చేస్తారు. మొదటి దరఖాస్తు నింపడానికి ఫీజు అడగడం చట్టవిరుద్ధం, ఎవరైనా అడిగితే వదిలేసి రండి.

భార్య, పిల్లలు ఎవరూ ఆధారపడని వెటరన్ నర్సింగ్ హోమ్‌లో మెడికెయిడ్ మీదకు వెళితే ఈ పెన్షన్ నెలకు 90 డాలర్లకు పడిపోతుంది. కాబట్టి ఇంట్లోనో, అసిస్టెడ్ లివింగ్‌లోనో ఉండగానే దరఖాస్తు పెట్టించండి.