ప్రేమాభిమానాలతో వదులుకున్న భాగం

చిన్నదానికి లా సీటు వచ్చిందని అందరం సంతోషంగా భోజనాలకు కూర్చున్న వేళ అన్నయ్య మళ్ళీ ఆ మాటే ఎత్తాడు. అన్ని మతాలవారికీ పెళ్ళి, వారసత్వాల్లో ఒకే చట్టమనే ఉమ్మడి పౌరస్మృతి పేరుతో మన క్యాథలిక్కుల ఆస్తి హక్కుల జోలికి వస్తే ఊరుకోకూడదట. అప్పటి నుంచీ మనసు కుదురుగా లేదు. మన ఆస్తి పంపకానికి తిరుసభ, అంటే క్యాథలిక్ చర్చి, చేసిన చట్టమేదీ లేదు. ఉన్నది 1925 నాటి భారత వారసత్వ చట్టం. తండ్రి వీలునామా రాయకుండా పోతే తల్లికి మూడో వంతు, మిగిలినది కొడుకులకూ కూతుళ్ళకూ సమానం. అన్నయ్య కాపాడతానంటున్న ఆ హక్కు మా ఇంటి ఆడపిల్లల్లో ఎవరికి అందింది?

తాతయ్య పోయాక పెద్దత్తయ్యను సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకువెళ్ళినప్పుడు నేనూ వెంట ఉన్నాను. కట్నం రూపంలో తన భాగం ముట్టిందనీ, ఎవరి బలవంతమూ లేకుండా, అన్నదమ్ముల మీది ప్రేమాభిమానాలతో హక్కు వదులుకుంటున్నాననీ దస్తావేజు లేఖరి గబగబా చదివాడు. గుడిలో బైబిలు పఠనాలు స్పష్టంగా చదివే అత్తయ్య ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకోనేలేదు. సంతకం చేసి, వేలిముద్ర వేసి, బొటనవేలి సిరాను జుట్టుకు తుడుచుకుంది. నిజానికి ఆమెను ఎవరూ బలవంతపెట్టలేదు. భాగం అడిగితే క్రిస్మస్‌కు పుట్టింటి గడప తొక్కే వీలుండదని ఆమెకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఆ కాగితంలో రాసినదే ఇప్పటి కేరళలోని పాత తిరువాన్కూరు సంస్థానంలో ఏకంగా చట్టమై ఉండేది. 1916 నాటి క్రైస్తవ వారసత్వ చట్టం ప్రకారం కూతురికి కొడుకు భాగంలో నాలుగో వంతు లేదా అయిదు వేల రూపాయలు, ఏది తక్కువైతే అది. స్త్రీధనం, అంటే కట్నం, ముట్టినా, ఇస్తామన్న మాట ఉన్నా అదీ లేదు. మేరీ రాయ్ అనే కేరళ క్రైస్తవ మహిళ ఆ చట్టం మీద కోర్టులో పోరాడితే, 1951 ఏప్రిల్ 1 నుంచే అక్కడ 1925 చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1986లో తేల్చింది. సమానత్వపు ప్రశ్నను మాత్రం తేల్చకుండా వదిలేసింది, అది నాకు ఇప్పటికీ వెలితిగానే ఉంది. పాత పంపకాలన్నీ తిరగదోడతారని చర్చి పెద్దలూ నాయకులూ ఆందోళన పడ్డారు, పాత చట్టాన్ని బతికించడానికి 1994లో బిల్లు కూడా తయారైంది. అది చట్టం కాకపోవడం మంచిదయింది.

ఉమ్మడి స్మృతి రావలసిందేనని అన్నయ్యకు గట్టిగా చెప్పాలని ఇది మొదలుపెట్టాను. ఇంతవరకు రాశాక ఆ పట్టుదల సడలింది. అత్తయ్య సంతకం చేసిన నాటికే మన చట్టం సమానంగా ఉంది. ఉమ్మడి స్మృతి ఎప్పటినుంచో ఉన్న గోవాలో తల్లిదండ్రులు ఆస్తిలో సగానికి మించి తమ ఇష్టప్రకారం వీలునామా రాయలేరు, మిగతా సగం పిల్లలదే. ఆ నియమం ఇక్కడికీ రావాలని నా కోరిక, కానీ తల్లిదండ్రులు పోయాక వారసురాలు తన భాగాన్ని వదులుకోవడం అక్కడా సాధ్యమే.

అందుచేత నేను కోరేది చట్టం పేరు మారడం కాదు. ఆడపడుచు హక్కు వదులుకునే దస్తావేజులో ఆ భాగం నేటి విలువ అంకెల్లో రాయాలి. అన్నదమ్ములను బయట కూర్చోబెట్టి, రిజిస్ట్రారు ఆ అంకెను ఆమెకు స్వయంగా చదివి వినిపించాలి. ఆలోచించుకోవడానికి నెల రోజులు గడువివ్వాలి, ఆ తరువాతే సంతకం తీసుకోవాలి.