నాన్నగారి కాలి పుండు, నేను పడ్డ మాట

మొన్న మంగళవారం నాన్నగారి కాలికి ఆఖరి కట్టు విప్పారు. ఐదు నెలల తరవాత ఇంట్లో అందరం కడుపునిండా తిన్నాం.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. కొబ్బరితోటలో చెప్పులోంచి దిగిన మేకు నాన్నగారికి రెండు రోజులు తెలియనేలేదు. పదిహేనేళ్ల షుగరు. ఆర్‌ఎంపీ పట్నం వెళ్లమన్నాడు, వెళ్లాం. రక్తపరీక్షలు, కాలికి రక్తం సరిగా పారుతోందో లేదో చూసే డాప్లర్ స్కాన్ ఒక్కపూటలో అయిపోయాయి.

డ్రెస్సింగ్ గదిలోనే నాకు తల కొట్టేసినట్టయింది. కట్టు విప్పగానే గడ్డి చామంతి పసరు, పసుపు కలిపి నూరిన ముద్ద ఊడి ట్రేలో పడింది. కొడవలి తెగితే నాయనమ్మ కాలం నుంచీ మాకదే మందు. "చదువుకున్నావు కదమ్మా, తండ్రి కాలు తీయించేద్దామనా?" అని పెద్ద డాక్టరు పదిమంది ముందు అరిచారు. నర్సు ట్రే ఎత్తి అందరికీ చూపించింది. నాకు నోట మాట రాలేదు. "దాన్ననకండి, పెట్టమన్నది నేనే" అన్నారు నాన్నగారు. తరవాత స్పర్శ తెలుస్తోందో లేదోనని అరికాలికి నైలాన్ దారం నొక్కి చూశారు. దారం విల్లులా వంగింది. "ఇంకా మొదలెట్టలేదాండీ?" అన్నారు నాన్నగారు. అప్పుడు ఏడుపొచ్చింది.

సాయంత్రం ఓ కుర్ర డాక్టరు ఓపీ చీటీ వెనక బొమ్మ గీసి చెప్పాడు. మామూలు గాయంలో ముందొచ్చిన తెల్లకణాలు పనయ్యాక చచ్చిపోతాయి, వాటిని ఊడ్చే కణాలు వేరే ఉంటాయి. షుగరెక్కువైతే ఆ ఊడ్పు సాగదు, వాపు తగ్గదు. కొత్త కండ అల్లాల్సిన కణాలు కూడా చస్తాయి. అందులో ఒక చావు అపోప్టోసిస్, అంటే కణం తనంతట తానే ఓ పద్ధతిగా చచ్చిపోవడం. ఇంకోటి కణంలోని ఇనుము వల్ల వచ్చే ఫెరోప్టోసిస్, దానికి 2012లోనే పేరు పెట్టారట. పసుపులోని కర్క్యుమిన్, గడ్డి చామంతి ఎలుకల గాయాల మీద మేలు చేశాయి, నిజమేనన్నాడు. కానీ అది శుభ్రంగా తీసి, కొలిచి వాడిన సారం. గట్టు మీద కోసి రోట్లో నూరిన ఆకుతో మట్టిలోని క్రిములూ లోపలికి పోతాయి.

ఈ ఐదు నిమిషాల మాట పొద్దున్నే చెబితే ఏం పోయేది? తిడితే మనుషులు ఆకు మానరు, ఆసుపత్రికి రావడం మానేస్తారు. మీరు మాత్రం పెట్టిన ఆకు సంగతి దాచకండి, తిట్టినా సరే.

చచ్చిన కండ రెండుసార్లు తీశారు. ఇన్సులిన్, సెలైన్‌తో కడిగి కట్టు, కాలు కింద మోపకపోవడం. ఇంటి దగ్గర కట్లన్నీ నేనే కట్టాను, షుగరు రోజూ నోటుబుక్కులో రాశాను. చివరికి ఆ పెద్ద డాక్టరే పుస్తకం తిరగేసి "బాగా చూశావమ్మా" అన్నారు.

నిన్న రాత్రి నాన్నగారు అరికాలు అద్దంలో చూసుకుని, "చెప్పులు దులిపి పెట్టావా అమ్మా?" అని అడిగారు.