కుర్చీల మధ్య నిలబడిన రోజు

ఈ రోజు శనివారం. ఇంటికి చేరేసరికి రాత్రి పన్నెండు దాటి ఇరవై నిమిషాలైంది. గోరువెచ్చని నీళ్ళు పోసిన బకెట్‌లో కాళ్ళు పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఫోనులో అడుగుల లెక్క 21,340 అని చూపిస్తోంది. పదకొండేళ్ళుగా రెస్టారెంట్‌లో సర్వర్‌గా పనిచేస్తున్న నాకు ఆ అంకె కొత్తది కాదు. నడక నన్నెప్పుడూ అంతగా బాధపెట్టలేదు కూడా. మోకాళ్ళ కింద ఇప్పుడు ఇంతగా సలుపుతున్నది, నడవడానికి వీల్లేక, కూర్చోవడానికి అనుమతి లేక, గోడవారగా నిలబడి గడిపిన గంటల వల్లనే. ఉదయం జరిగిన ఒక చిన్న సంగతి ఇంకా మనసులో తొలుస్తూనే ఉంది కాబట్టి, కళ్ళు మూతలు పడుతున్నా రాయకుండా పడుకోబుద్ధి కాలేదు.

హాలు తెరవడానికి ముందు మాకు గంటన్నర పని ఉంటుంది. గ్లాసుల మీది నీటి మరకలు తుడవాలి, చెంచాలనూ ఫోర్కులనూ వేడినీళ్ళలో ముంచి పొడిగుడ్డతో మెరిసేలా రుద్దాలి, నేప్‌కిన్లు మడవాలి, ఉప్పు సీసాలు నింపాలి. ఇవన్నీ చేతులతో చేసే పనులే తప్ప కాళ్ళతో అవసరం ఉన్నవి కావు. చేరి మూడు వారాలైనా కాని కుర్రవాడు ఈ ఉదయం మూల టేబుల్ దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుని చెంచాలు తుడుస్తున్నాడు. అతని పని చక్కగానే సాగుతోంది, గుట్ట సగానికి తగ్గింది. సూపర్‌వైజర్ వచ్చి చూసి, "లేవయ్యా, కుర్చీలు కస్టమర్ల కోసం" అన్నారు. గట్టిగా అరవలేదు, మామూలుగానే అన్నారు. కుర్రవాడు లేచి నిలబడి, కుర్చీని మళ్ళీ టేబుల్ కిందికి నెట్టి, మిగిలిన చెంచాలు నిలబడే తుడిచాడు. అప్పటికి తలుపులు తెరవడానికి ఇంకా నలభై నిమిషాలున్నాయి. ఎనభై నాలుగు కుర్చీలున్న హాలులో ఒక్క మనిషి కూడా కూర్చుని లేడు. పక్కనే నేప్‌కిన్లు మడుస్తున్న నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నేను చేరిన కొత్తలో నాకూ ఇదే మాట చెప్పారు, నేనూ ఇలాగే లేచి నిలబడ్డాను, ఆ తరువాత అది నియమమని కూడా తోచనంతగా అలవాటైపోయింది.

మధ్యాహ్నం ఒంటిగంటకల్లా హాలు నిండిపోయింది. నాకు ఏడు టేబుళ్ళు అప్పగించారు, ఒక సర్వర్ సెలవులో ఉండడంతో అతని రెండు కూడా నా మీదే పడ్డాయి. ఈ పని బయటినుంచి చూసేవారికి పళ్ళేలు మోయడంగానే కనిపిస్తుంది కాబట్టి, మోయడం గురించే కొంచెం వివరంగా రాస్తాను. మొదటి పళ్ళెం అంచును ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకోవాలి. రెండవదాన్ని దాని కిందికి జరిపి మిగిలిన మూడు వేళ్ళ మీద, అరచేతి మీద ఆనించాలి. మూడవది ముంజేతి మీద, రెండవదాని అంచుకు ఆనుకుని కూర్చుంటుంది. నాలుగవది కుడిచేతిలో. మూడవ పళ్ళెం ఆనే చోట, మణికట్టుకు నాలుగు వేళ్ళ పైన, నా చర్మం గోధుమరంగు పట్టీలా గట్టిపడింది. పళ్ళెం ఎంత కాలినా చెయ్యి విదిలించకూడదు, విదిలిస్తే మూడూ పోతాయి, పోయినవాటి ఖరీదు చాలాచోట్ల జీతంలోంచి కోస్తారు. కుర్రవాడికి ఈ వారమంతా ఖాళీ పళ్ళేలతో ఇది నేర్పిస్తున్నాను. ఈ రోజు మొదటిసారి వేడివి మోశాడు. టేబుల్ దగ్గర చివరి పళ్ళెం దించాక, తిరిగి వస్తూ ముంజేతిని చొక్కాకు అదుముకోవడం చూశాను.

చేతులు ఈ పని చేస్తుండగా తల ఇంకో పని చేస్తూ ఉంటుంది. నాలుగో టేబుల్‌కు బిల్లు, రెండో టేబుల్‌కు నీళ్ళు, తొమ్మిదో టేబుల్ పెద్దాయనకు ఉప్పు తగ్గించి చెయ్యమని వంటింట్లో చెప్పాలి, ఆరో టేబుల్ పసిపిల్లకు ఎత్తు కుర్చీ కావాలి, ఐదో టేబుల్ వాళ్ళు వచ్చి పది నిమిషాలైనా ఇంకా ఆర్డర్ చెప్పలేదు. వీటిలో ఏ ఒక్కటి మరిచినా ఎదుటివారి దృష్టిలో అది మరపు కాదు, నిర్లక్ష్యం. ఈ రోజు వంటింట్లో ఒక పొయ్యి మొరాయించడంతో మూడో టేబుల్ ఆర్డర్ అరగంటకు పైగా ఆలస్యమైంది. నేను మూడుసార్లు వెళ్ళి క్షమించమని చెప్పి, కారణం కూడా చెప్పాను. నాలుగోసారి ఆ టేబుల్ పెద్దమనిషి, తన మనవల ముందు, నేను పనికి పనికిరానని, నాలాంటివాళ్ళను ఎవరు పెట్టుకున్నారోనని అన్నాడు. ఆలస్యం వంటింటిది, పొయ్యి బాగుచేయించనిది యాజమాన్యం, మాట పడింది నేను. వంటవాడికి నా మీద కోపం, మాటిమాటికీ వెళ్ళి అడిగినందుకు. కస్టమర్‌కు నా మీద కోపం, వెళ్ళి తేనందుకు. ఇద్దరి మధ్య ఉన్న ఇరవై అడుగుల దూరమే నా ఉద్యోగం. ఆ మాట విన్న మరుక్షణం ఎనిమిదో టేబుల్‌కు వెళ్ళి నవ్వుతూ "చెప్పండి సార్" అనాలి, అన్నాను. ఆ నవ్వు తెచ్చిపెట్టుకోవడం కూడా పనే. దాన్ని పనిగా లెక్కించి కూలి కట్టినవారిని మాత్రం నేను చూడలేదు. సామాజిక శాస్త్రజ్ఞులు ఈ రకపు శ్రమకు 1983లోనే భావోద్వేగ శ్రమ అని పేరు పెట్టారని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను.

పన్నెండు నుంచి మూడున్నర వరకు నేను మంచినీళ్ళు తాగలేదు. కావాలనే తాగలేదు. రద్దీ వేళ హాలు వదిలి మరుగుదొడ్డికి వెళ్ళాలంటే ఇంకొకరిని మన టేబుళ్ళు చూడమని బతిమాలాలి, వాళ్ళ పరిస్థితీ మనలాంటిదే. అందుకని సీనియర్ సర్వర్లందరూ మధ్యాహ్నం నీళ్ళు మానేస్తారు. మాతో పనిచేసే అమ్మాయికి నిరుడు రెండుసార్లు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి జ్వరంతో పడుకుంది. రోజుకు కొన్ని వందల గ్లాసుల నీళ్ళు ఇతరులకు అందించే మనిషికి నీళ్ళు చాలక జబ్బు చేయడం నాకు ఎంతో అన్యాయంగా అనిపిస్తుంది, ఎవరికి చెప్పుకోవాలో తెలియని అన్యాయంగా.

మూడున్నర నుంచి ఆరున్నర వరకు విరామం. దానికి జీతం లేదు. పొద్దున్న పదింటికి వచ్చి రాత్రి పదకొండున్నరకు వెళ్ళేవాడి రోజు పదమూడున్నర గంటలైతే, ఈ మూడు గంటలు తీసేసి లెక్క కడతారు. ఇల్లు దూరం కాబట్టి వెళ్ళి రావడానికే రెండు గంటలు పోతాయి. వెళ్ళని మేము వంటింటి వెనుక, ఖాళీ ప్లాస్టిక్ క్రేట్లు బోర్లించి వాటి మీద కూర్చుంటాం. రోజులో మేము మొదటిసారి కూర్చునేది అక్కడే. ఈ మధ్యాహ్నం ఆ క్రేట్ మీద కూర్చుని, ఉదయం సంగతి మనసులో మెదులుతుండగా, మా వంటి పనివారికి కూర్చునే హక్కు గురించి ఎక్కడైనా రాసి ఉందేమోనని ఫోనులో వెతికాను. బ్రిటన్‌లో 1899లోనే దుకాణాల్లో పనిచేసే స్త్రీల కోసం ఒక చట్టం వచ్చిందట, ప్రతి ముగ్గురికి కనీసం ఒక ఆసనం ఉంచాలని. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1964లో వాణిజ్య సంస్థలకూ కార్యాలయాలకూ చేసిన ఒడంబడిక 14వ అధికరణంలో, పనివారికి తగినన్ని ఆసనాలు ఏర్పాటు చేయాలనీ, వాటిని వాడుకునే అవకాశం ఇవ్వాలనీ ఉంది. ఈ రెండో మాట రాసినవారెవరో నిలబడి పనిచేసిన అనుభవం ఉన్నవారై ఉంటారని నాకు అనిపించింది. కుర్చీ ఉండడం వేరు, కూర్చోనివ్వడం వేరని మా హాలును చూస్తే తెలుస్తుంది. కేరళ 2018లో, తమిళనాడు 2021లో తమ దుకాణాలు, సంస్థల చట్టాలను సవరించి పనివారికి ఆసనాలు తప్పనిసరి చేశాయి.

వెతుకుతూ పోతే ఇంకొకటి కనిపించింది, అది చదివి కొంతసేపు ఫోను పక్కన పెట్టేశాను. 1919లో కర్మాగారాల పనివారికి రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటలు అని ఒడంబడిక చేసిన అదే సంస్థ, 1930లో ఆ హద్దును వాణిజ్య రంగానికీ కార్యాలయాలకూ విస్తరించినప్పుడు హోటళ్ళను, రెస్టారెంట్లను, కేఫ్‌లను పేరు పెట్టి మరీ పక్కన పెట్టింది. ప్రపంచంలో ఎవరెవరో కలిసి కూర్చుని పనిగంటలకు హద్దు గీస్తూ, మా దగ్గరికి వచ్చేసరికి గీత పక్కకు జరిపారన్నమాట. మా పనికి ప్రత్యేకంగా ఒక ఒడంబడిక రావడానికి 1991 దాకా పట్టింది. అందులో పనిగంటలంటే పనివాడు యజమానికి అందుబాటులో ఉన్న సమయమని నిర్వచనం ఉంది. దానితో పాటు చేసిన సిఫారసులో, మా రోజులాగా మధ్యలో విరగ్గొట్టే షిఫ్టులను వీలైనచోట క్రమంగా తొలగించాలని కూడా ఉంది. నేను అది చదువుతుండగానే, నాలుగుంపావుకు, పార్శిళ్ళు ఎక్కువయ్యాయి రమ్మని లోపలినుంచి కబురు వచ్చింది. ఇద్దరం లేచి వెళ్ళాం. నలభై నిమిషాలు సర్ది మళ్ళీ క్రేట్ల దగ్గరికి వచ్చాం. పిలిస్తే లేచి వెళ్ళవలసిన సమయాన్ని అందుబాటు కాక ఇంకేమనాలి? కానీ ఆ నలభై నిమిషాలు ఏ రిజిస్టరులోనూ ఎక్కవు.

విరామం తరువాత చాలాసేపు హాలు దాదాపు ఖాళీ. మూడు టేబుళ్ళే నిండాయి. ఇదే నాకు రోజులో అన్నిటికన్నా కష్టమైన వేళ. చేతులు వెనక్కి కట్టుకుని, గోడకు ఆనకుండా, తలుపు వైపు చూస్తూ నిలబడాలి. రెండేళ్ళ కిందట ఎడమకాలి మీద సిరలు తాళ్ళలా ఉబ్బి మెలికలు తిరిగినప్పుడు డాక్టరు వివరించి చెప్పారు. నడిచేటప్పుడు పిక్కల కండరాలు బిగుసుకుంటూ సడలుతూ రక్తాన్ని పైకి తోస్తాయి. కదలకుండా నిలబడితే ఆ తోపు ఆగిపోయి రక్తం కాళ్ళలోనే నిలిచి, సిరల్లోని కవాటాల మీద బరువు పడుతుంది. బిగుతు మేజోళ్ళు వేసుకోమన్నారు, గంటకొకసారి కూర్చోమన్నారు. మేజోళ్ళు కొనుక్కున్నాను. రెండో సలహా ఆయన రాసిచ్చిన చీటీలోనే ఉండిపోయింది.

టిప్పుల గురించి ఎక్కువ రాయను. పెట్టెలో పడ్డది రాత్రి అందరం పంచుకుంటాం, ఈ రోజు ఫరవాలేదు. అయితే 1991 ఒడంబడికలో టిప్పు వచ్చినా రాకపోయినా మూలవేతనం క్రమంగా చెల్లించాలని ఉన్న వాక్యాన్ని రెండుసార్లు చదివాను. ఇంటి అద్దె కట్టగలనా లేదా అన్నది ఎదుటి మనిషి ఆ పూట మనఃస్థితి మీద ఆధారపడకూడదని నేను ఎన్నో ఏళ్ళుగా అనుకుంటున్న మాటే అది.

చివరి టేబుల్ వాళ్ళు పదకొండుంపావుకు లేచారు. తినడం పదిన్నరకే అయిపోయింది, ఆ తరువాత మాట్లాడుకుంటూ కూర్చున్నారు. వాళ్ళ తప్పేమీ లేదు, మేము ఎదురు చూస్తున్నామని వాళ్ళకు తెలియనివ్వకపోవడమే మాకు నేర్పిన మర్యాద. వాళ్ళు వెళ్ళాక నేల తుడవడానికి వీలుగా కుర్చీలన్నిటినీ ఎత్తి టేబుళ్ళ మీద తలకిందులుగా పెట్టాలి. కుర్రవాడూ నేనూ చెరో వైపునుంచి మొదలుపెట్టాం. ఎనభై నాలుగు కుర్చీలు. మధ్యలో కలుసుకున్నప్పుడు అతను, "అన్నా, రేపు చెంచాలు నిలబడే తుడవాలా?" అని అడిగాడు. ఫిర్యాదుగా అడగలేదు, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. చొక్కా చేతిని మోచేతి దాకా మడిచి ఉన్నాడు, ముంజేతి మీద సరిగ్గా నాకు గట్టిపడిన చోటే ఎర్రగా కంది ఉంది. దానికి పూయడానికి నా సంచిలోని మందు ఇచ్చాను.

రేపు హాలు తెరవకముందు చెంచాల పళ్ళెం నేనే తీసుకుని మూల టేబుల్ దగ్గర కూర్చుంటానని అతనితో చెప్పాను. సూపర్‌వైజర్ వచ్చి లేవమంటే, ఆ మాట ఈసారి పదకొండేళ్ళ నుంచి పనిచేస్తున్నవాడితో అనవలసి వస్తుంది. అప్పుడు డాక్టరు రాసిచ్చిన చీటీ చూపించి, పికప్ కౌంటర్ పక్కన రెండు స్టూళ్ళు వేయించమని అడుగుతాను. చీటీ వెతికి తీసి సంచిలో పెట్టుకున్నాను. బకెట్‌లో నీళ్ళు చల్లారిపోయాయి. పొద్దున్న పదింటికి హాలులో ఉండాలి.